పెళ్ళి క్యాసెట్లో నాన్న గొంతు

ట్రంకుపెట్టె అడుగునో, అటక మీదో, బీరువాలో పట్టుచీరల వెనకో నల్లటి వీడియో క్యాసెట్లు రెండో మూడో దాచుకోని ఇల్లు మనలో ఎంతమందికి ఉందంటారు? 1985 తర్వాత, ఓ ఇరవై ఏళ్ళ పాటు జరిగిన పెళ్ళిళ్ళూ, ఓణీల ఫంక్షన్లూ, గృహప్రవేశాలూ అన్నీ ఆ డబ్బాల్లోనే ఉన్నాయి. వాటిని చూద్దామంటే ఇంట్లో వీసీఆర్ లేదు. పారేద్దామంటే మనసొప్పదు. 'ఎప్పుడో వీలు చూసుకుని సీడీలోకి మార్పించాలి' అనుకుంటూనే ఏళ్ళు గడిపేస్తాం. అలా అనుకుంటున్న అక్కచెల్లెళ్ళ కోసమే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్మీడియెట్. యంత్రాల సంగతి పుట్టుకతో తెలిసినదాన్నేమీ కాను. కానీ మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషీన్ నేర్చుకున్న మనకి ఇది మాత్రం రాకపోతుందా?

మాది శ్రీముఖలింగం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార గట్టున ఉన్న ఊరు. మధుకేశ్వరుడి గుడి, భీమేశ్వరుడి గుడి, సోమేశ్వరుడి గుడి ఉన్న ఊరని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. శివరాత్రికి వచ్చి చక్రతీర్థ స్నానం చేసి వెళ్ళినవాళ్ళూ ఉంటారు. నా పుట్టిల్లూ ఇక్కడే, మెట్టినిల్లూ ఇక్కడే. 1994 వైశాఖంలో మా అప్ప పెళ్ళి మా ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. (మా వైపు అక్కని అప్ప అంటాం లెండి.) పట్నం నించి వీడియో తీసే అతన్ని పిలిపించారు. భుజం మీద పెద్ద కెమెరా, వెనకాల లైటు పట్టుకునే కుర్రాడు, ఆ లైటు వేడికి పెళ్ళికూతురి బొట్టు కరిగి కారడం... మీకూ గుర్తొస్తోంది కదూ!

మర్నాడు మగపెళ్ళివారిని గుడికి తీసుకెళ్ళారు. కెమెరా కూడా వెంట వెళ్ళింది. గుడి ముందు నిలబడి మా నాన్న ఆ ఇప్పచెట్టు కథా, గోలెం కథా వియ్యాలవారికి చెప్పారు. మా ఊరు వచ్చినవాళ్ళకి ఆ కథలు చెప్పకుండా పంపితే నాన్నకి అన్నం సయించేది కాదు. గర్భగుడి గుమ్మం కంటే పెద్దదైన మట్టి గోలెం లోపలికి ఎలా వెళ్ళిందో, ఆ కుమ్మరి మొక్కేమిటో చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి చెప్పేవారు. 2003లో నాన్న పోయారు. అప్పటికి మా ఇళ్ళల్లో వీడియోలు తీసే సెల్‌ఫోన్లు లేవు. నాన్న కదులుతూ కనిపించేది లోకం మొత్తం మీద ఆ ఒక్క పెళ్ళి వీడియోలోనే.

2006లో ఆ క్యాసెట్‌ని ఒక స్టూడియోలో ఇచ్చి సీడీ చేయించారు. చూస్తే ఏముంది? మొహాలన్నీ పలకల పలకలుగా విడిపోయి ఉన్నాయి. గుడి దగ్గర నాన్న మాట్లాడుతూంటే పెదవులు కదులుతున్నాయి కానీ మాట లేదు. దాని మీద సినిమా పాట! ఆ రోజుల్లో 'మిక్సింగ్' అంటే అదే కదండీ. పెళ్ళికూతురు గుండె బొమ్మలోంచి రావడం, పెళ్ళికొడుకు తామరపువ్వులో తేలడం, మొదట్నించీ చివరి దాకా పాటలు. మా అమ్మ ఆ సీడీ వేసినప్పుడల్లా టీవీ దగ్గరగా జరిగి, "మీ నాన్న ఏటో సెప్తన్నాడే, ఏటంతన్నాడు?" అని అడిగేది. ఎవరం ఏం చెప్పగలం? ఆ మాటలు ఆ క్యాసెట్లో లేనే లేవు.

అమ్మకిప్పుడు డెబ్భై మూడేళ్ళు. ఒక చెవి సరిగా వినిపించదు. రెండో చెవి కూడా మందగిస్తోంది. 2024లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా అప్ప కొడుకు సెలవుకి వచ్చి, "పిన్నీ, ఇది మళ్ళీ శుభ్రంగా చేయిద్దాం" అన్నప్పుడు మా అందరి మనసులోనూ ఉన్న తొందర అదే. అమ్మ వినగలిగే లోపల నాన్న మాట వినిపించాలి.

అసలు క్యాసెట్ ఏదో ముందు వెతకండి

నేను తెలుసుకున్న మొట్టమొదటి సంగతి ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. మనందరి దగ్గరా ఉండే పెళ్ళి క్యాసెట్ అసలుది కాదు. కెమెరాలో తీసిన క్యాసెట్లు వేరు. వాటిలోంచి కొంత తీసుకుని, పాటలు కలిపి, మన చేతికిచ్చింది వేరు. క్యాసెట్‌కి కాపీ తీసినప్పుడల్లా బొమ్మ కొంత మసకేస్తుంది, రంగులు పక్కకి కారతాయి. ఇంకొకరికి ఇవ్వడానికి ఆ కాపీకి మళ్ళీ కాపీ తీస్తే ఇంకా దిగిపోతుంది. అది వడకట్టిన కాఫీ పొడిలో మళ్ళీ నీళ్ళు పోసినట్టే. ఎంత ఖరీదైన కంప్యూటర్ పెట్టినా రెండో డికాషన్‌కి మొదటి చిక్కదనం తేలేం కదా!

చాలామంది వీడియోవాళ్ళు ఆ కెమెరా క్యాసెట్లని తర్వాతి పెళ్ళికి మళ్ళీ వాడేసుకునేవారు. మా నాన్న మాత్రం కొత్త క్యాసెట్లు తనే కొనిచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకున్నారు. ట్రంకుపెట్టె అడుగున, నాన్న సర్వీసు కాగితాల కింద అవి మూడూ దొరికాయి. ఒక్కోదాని మీద నాన్న చేతిరాతతో 'పెళ్ళి - అసలు - 1', '2', '3' అని ఉంది. మీరూ ఒకసారి వెతికించండి. మీ పుట్టింట్లోనో, వీడియో తీయించిన మేనమామ ఇంట్లోనో ఉండొచ్చు. మిక్సింగ్ లేని క్యాసెట్ దొరికితే బంగారం దొరికినట్టే. పాటల కింద పోయిందనుకున్న మాటలన్నీ దాన్లో ఉంటాయి.

ప్లేయర్లో పెట్టే ముందు చూడండి

ఒకటీ, మూడూ బాగానే ఉన్నాయి. నాన్న మాటలున్న రెండో క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా, ఊరగాయ జాడీలో బూజు పట్టినట్టు మచ్చలు. గుండె గుభేలుమంది.

మన కోస్తా ఊళ్ళల్లో గాలిలో చెమ్మ ఎక్కువ. మా ఊరికి ఏరు కూడా పక్కనే. టేపు అంటే సన్నటి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద జిగురుతో అతికించిన ఇనప తుప్పు లాంటి పొడి. అరంగుళం వెడల్పు. మూడు గంటల క్యాసెట్లో దాదాపు 258 మీటర్ల టేపు ఉంటుంది. అయిదున్నర మీటర్ల చీరలైతే నలభై ఆరు పైనే! అంత పొడుగు పట్టీని గుప్పెడంత చోటులో చుట్టి, వేడిలో, చెమ్మలో పెడితే జిగురు మెత్తబడుతుంది, బూజు పడుతుంది.

ఇంకో మాట వినండి. వీహెచ్ఎస్ టేపులో బొమ్మ మధ్యలో ఏటవాలు గీతలుగా ఉంటుంది. మామూలు కెమెరాతో తీసినదాంట్లో మాట మాత్రం పై అంచు వెంబడి, చీర అంచుకి జరీ ఉన్నట్టుగా, ఒక సన్నటి గీతలో ఉంటుంది. బూజు మొదట పట్టేది అంచులకే! అంటే మేం కావాలనుకున్న గొంతు ఉన్నచోటే చెద పట్టినట్టయింది.

బూజు పట్టిన క్యాసెట్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ ప్లేయర్లో పెట్టకండి. టేపు పాడవడమే కాదు, ఆ బూజు యంత్రంలోకి దిగి తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకీ అంటుకుంటుంది. ఎండలో ఆరబెట్టకండి. అది అప్పడం కాదు, వంకర తిరిగిపోతుంది. తడిగుడ్డతో తుడవకండి. విడిగా ఒక సంచిలో కట్టి, తక్కినవాటికి దూరంగా పెట్టి, తెలిసినవాళ్ళకి ఇవ్వండి. వాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని, క్యాసెట్ మరలు విప్పి, టేపుని మెల్లగా శుభ్రం చేసి, వేరే కొత్త డబ్బాలోకి ఎక్కిస్తారు. మాది విశాఖపట్నంలో ఒకాయన చేశారు. మూడు వారాలు పట్టింది. ఒక మంచి వెంకటగిరి చీర ఖరీదయింది. ఆ మూడు వారాలూ అమ్మకి ఏమీ చెప్పలేదు. ఆశపెట్టి లేదంటే తట్టుకోలేదు కదా!

బూజు లేని క్యాసెట్లని కూడా ఏళ్ళ తర్వాత మొదటిసారి వేసేటప్పుడు వెంటనే ప్లే నొక్కకుండా, చివరిదాకా ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పాలి. ఏళ్ళ తరబడి మడతమీదున్న పట్టుచీరని దులిపి కట్టుకున్నట్టే, ఒకచోట బిగుసుకుని, ఇంకోచోట వదులైన చుట్ట సర్దుకుంటుంది. క్యాసెట్ వీపు వైపున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటే దాన్ని విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు.

యంత్రం శుభ్రం, బొమ్మ శుభ్రం

కొత్త వీసీఆర్ కొనలేం. జపాన్‌లో చివరిదాకా వాటిని తయారు చేస్తూ వచ్చిన ఫునాయి కంపెనీ కూడా 2016 జూలైలో ఆపేసింది. ఉన్నవాటిలోనే మంచిది చూసుకోవాలి. మా ఆడపడుచు ఇంట్లో అటక మీద ఒకటుంటే దింపించాం. లోపల రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది. శ్రీకాకుళంలో ఇదివరలో వీసీఆర్లు బాగుచేసి, ఇప్పుడు మిక్సీలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దాన్ని చూసి చుట్టం వచ్చినంత సంబరపడ్డాడు. బెల్టు మార్చి, హెడ్డు శుభ్రం చేశాడు.

హెడ్డు అంటే టేపుని చదివే భాగం. గుండ్రటి డ్రమ్ము మీద ఉంటుంది. మన దేశపు పద్ధతిలో ఆ డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని మీద కంటికి కనపడనంత మట్టి చేరినా బొమ్మ మీద జల్లు పడ్డట్టు తెల్ల చుక్కలు వస్తాయి. శుభ్రానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడతారు. మందులషాపు సర్జికల్ స్పిరిట్ వద్దు. దూదిపుల్లతో పైకీ కిందకీ రుద్దితే హెడ్డు ఊడిపోతుంది. మెత్తటి తోలు ముక్కని కదలకుండా ఆనించి పట్టుకుని, డ్రమ్మునే చేత్తో పక్కకి తిప్పాలట. ఇది మాత్రం చేయి తిరిగినవాళ్ళకే వదిలేయండి.

యంత్రం ఇంటికి రాగానే మన పెళ్ళి క్యాసెట్ పెట్టేయకండి. పోయినా ఫరవాలేదనుకునే పాత సినిమా క్యాసెట్ పెట్టి అరగంట ఆడించండి. టేపు నమలడం లేదని రూఢి అయ్యాకే మనది. అట్లు పోసేటప్పుడు మొదటి అట్టు పెనానికి అర్పణం చేస్తాం చూడండి, అలాగన్నమాట. ఆడుతున్నప్పుడు పైనో కిందో గీతలు కనిపిస్తే 'ట్రాకింగ్' బటన్‌తో సర్దాలి. ఒక్కో క్యాసెట్‌కి ఒక్కోలా ఉంటుంది. మధ్యలో పాజ్ నొక్కి కబుర్లలో పడకండి. హెడ్డు టేపుని ఒకేచోట గీరుతూ ఉంటుంది.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు

ఇక్కడే స్టూడియోల్లో నాణ్యత పోయేది. మీరు చేయించుకునేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. అడిగితే వాళ్ళకీ భయముంటుంది.

మొదటిది తీగ. యాంటెన్నా తీగతో కలిపితే బొమ్మ అధమం. పసుపు తీగ నయం. యంత్రానికి ఎస్-వీడియో అనే గుండ్రటి సాకెట్టు ఉంటే ఇంకా మంచిది. తెల్లదీ ఎర్రదీ మాట తీగలు. పాత ప్లేయర్లకి తెల్లది ఒక్కటే ఉంటుంది. అప్పుడు మాట ఒకే చెవికి వినిపిస్తుంది. దాన్ని రెండువైపులా వచ్చేలా చేయమనండి. మా అమ్మలాంటి వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు మరి!

రెండోది అంచుల వణుకు. పాత టేపు ఆడేటప్పుడు నిలువు గీతలు, అంటే పందిరి రాటలు, గుడి స్తంభాలు గాలికి పమిట ఊగినట్టు ఊగుతాయి. దాన్ని నిలబెట్టే సామాను వేరే ఉంటుంది. 'టైమ్ బేస్ కరెక్టర్' అంటారు. అది దొరక్కపోతే పాతకాలపు డీవీడీ రికార్డర్లు కొన్నింటి గుండా పంపినా చాలావరకు కుదురుకుంటుంది. మావాడు ఆఫీసు స్నేహితుడి దగ్గర అలాంటిది ఒకటి అడిగి తెచ్చాడు. అది పెట్టక ముందు, పెట్టాక చూస్తే, మధుకేశ్వరుడి గుడి స్తంభాలు నిటారుగా నిలబడ్డాయి!

మూడోది కొలత. మన దేశంలో 1982లో రంగుల టీవీ వచ్చినప్పటి నించీ పాల్ పద్ధతి. బొమ్మలో కనిపించే అడ్డగీతలు 576. కాబట్టి 720 బై 576 లోనే ఎక్కించమనాలి. మా 2006 సీడీ వీసీడీ అన్నమాట. దాని కొలత 352 బై 288. అడ్డగీతలు సగానికి సగం ఎగిరిపోయాయి. మొహాలు పలకల్లా విడిపోవడానికి కారణం టేపు కాదు, ఆ సీడీయే! మీ ఇంట్లోనూ అప్పటి సీడీ ఒకటుండి, 'మా క్యాసెట్ బొమ్మ ఇంతేలే' అనుకుంటున్నారేమో, అది నిజం కాదు. క్యాసెట్ ఉంటే మళ్ళీ చేయించండి. అమెరికాలో ఉన్న తమ్ముడో మరిదో అక్కడ తీసి పంపిన క్యాసెట్లయితే పద్ధతి వేరు, ఎన్‌టీఎస్‌సీ అంటారు. దానికి తగ్గ ప్లేయరుండాలి.

నాలుగోది కాస్త చిక్కు. కానీ చుక్కల ముగ్గు వేసే మనకి ఇట్టే అర్థమవుతుంది. పాత టీవీ బొమ్మని ఒకేసారి మొత్తం గీయదు. మొదట ఒకటి, మూడు, అయిదు... బేసి వరసలు గీస్తుంది. వెంటనే రెండు, నాలుగు, ఆరు... సరి వరసలు. అలా సెకనుకి 50 సగం బొమ్మలు. కంప్యూటర్లో రెండు సగాలూ కలిపి చూపిస్తే, అక్షింతలు వేసే చెయ్యి కదిలినచోట దువ్వెన పళ్ళలా చీలికలు కనిపిస్తాయి. దాన్ని పోగొట్టడానికి కొందరు ఒక సగాన్ని పారేస్తారు, కొందరు రెండూ కలిపి అలికేస్తారు. రెండూ తప్పే. ఒక్కో సగాన్నీ నిండు బొమ్మగా పూరించి సెకనుకి 50 చేయమనాలి. అప్పుడు కదలిక అచ్చం ఆనాడు టీవీలో చూసినంత నున్నగా ఉంటుంది. 'డీఇంటర్‌లేస్ చేస్తే 50 ఫ్రేములకి చేయండి' అని చెబితే తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది. చవక పెట్టెలు కొన్ని మనల్ని అడక్కుండానే ఆ రెండు సగాలనీ కలిపేసి, 'హెచ్‌డీ చేశాం' అంటాయి. నమ్మకండి. వీహెచ్ఎస్‌లో లేని వివరం ఎక్కడినించి వస్తుంది?

అయిదోది ఆకారం. పాత బొమ్మ నాలుగుకి మూడు పాళ్ళు. ఇప్పటి టీవీకి నిండుగా ఉండాలని అడ్డంగా సాగదీస్తే సన్నగా నాజూగ్గా ఉన్న పెళ్ళికూతురు కూడా గుమ్మడిపండులా తయారవుతుంది. పక్కన నల్లటి ఖాళీ ఉంటే ఉండనివ్వండి. బొమ్మ అడుగున నాలుగైదు గీతలు ఊగుతూ ఉంటే కంగారు పడకండి. వీహెచ్ఎస్ అంతే, చివర్లో సన్నటి నల్ల పట్టీతో కప్పేయొచ్చు. వెలుగు మాత్రం ఎక్కించే ముందే సర్దించండి. లైటు పడి తెల్లటి పంచె మీద మడతలు కనిపించకుండా పోతే తర్వాత ఎవరూ తెచ్చిపెట్టలేరు.

ఆరోది సైజు. మొదటి కాపీ పెద్దగానే ఉండాలి. డీవీ అనే పద్ధతిలో గంటకి దాదాపు 13 జీబీ అవుతుంది. అసలేమీ పోకుండా దాచే పద్ధతులకి ఇంకా ఎక్కువ. 'అంతెందుకమ్మా, ఫోన్లో చూసుకోడానికి చిన్నది చేసిస్తాం' అంటారు. చిన్నది ఎప్పుడైనా చేసుకోవచ్చు. చిన్నదాన్ని పెద్దది చేయలేం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఇంకా నలిపేస్తుంది. పంపాలంటే 'డాక్యుమెంట్' గా పంపండి.

మచ్చలు లేని నాన్న

విశాఖపట్నం నించి రెండో క్యాసెట్ వచ్చింది. ఒక్కసారి ఆడితే చాలు, రెండోసారికి మాటివ్వలేనని ఆయన ముందే చెప్పారు. అందుకని మావాడు ఒకటీ మూడూ క్యాసెట్ల మీద తీగలూ కొలతలూ అన్నీ సరిచూసుకుని, డిస్కులో చోటుందో లేదో చూసుకుని, ఇంట్లో ఫ్యాన్లూ మిక్సీలూ ఆపించి, కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ పెట్టి, అప్పుడు ప్లే నొక్కాడు. నూనెలో వడ వేసి చేయి వెనక్కి తీసుకున్నట్టు అందరం వెనక్కి జరిగాం.

గుడి వచ్చింది. నాన్న వచ్చారు. గొంతు వచ్చింది! ఇప్పచెట్టు కథ నిక్షేపంగా ఉంది. గోలెం కథలో ఓ పాతిక సెకన్లు గరగరమని పోయింది. కుమ్మరి ఏం మొక్కుకున్నాడో మళ్ళీ మాకు మేం చెప్పుకోవలసిందే. కథ అయిపోయాక నాన్న పక్కకి తిరిగి, "ఒలే చిన్నా, మావయ్యకి మంచినీళ్ళు తేయే" అని పిలిచారు. ఇత్తడి చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన పద్నాలుగేళ్ళ పిల్ల నేనే. ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత నన్ను ఆ పేరుతో ఆ గొంతు పిలవడం విన్నాను. ఇంక దాని గురించి ఏం రాయను? మీకూ తండ్రులున్నారు.

ఆ రాత్రి మావాడు కంప్యూటర్లో ఏదో కొత్త ప్రోగ్రాము పెట్టి, "పిన్నీ, తాత మొహం ఇంకా క్లియర్‌గా చేశాను చూడు" అన్నాడు. చూశాను. నిజమే, కళ్ళూ ముక్కూ నిన్న తీసిన ఫోటోలా ఉన్నాయి. కానీ ఏదో తేడా. పక్కనే ఉన్న మా అప్ప పట్టేసింది. చిన్నప్పుడు మశూచికం వచ్చి నాన్న చెంపల మీద గుంటలు పడ్డాయి. ఆ ప్రోగ్రాము వాటిని మట్టి అనుకుని నున్నగా పూడ్చేసింది. పలువరస కూడా దాని ఇష్టం వచ్చినట్టు సర్దింది. "ఈయనెవర్రా? మా నాన్న కాదు" అంది అప్ప. వాడు మారుమాటాడకుండా తీసేశాడు. ఇప్పుడు ఫోన్లలో కూడా ఇలాంటివి వస్తున్నాయి. సరదాకి చేసుకోండి, తప్పు లేదు. అసలుదాన్ని మాత్రం అలాగే ఉంచండి. పాత బొమ్మలోని గరుకు కొంత టేపుది, కొంత మనిషిది. ఏది ఎవరిదో యంత్రానికి తెలీదు. మాట మీద 'గర్ర్' తీసేయడం కూడా అంతే. మరీ తీసేస్తే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. కొంచెం ఉండనివ్వండి.

దాచుకోవడం

ఒక్క కాపీ ఉంటే లేనట్టే. మేం మూడు పెట్టాం. అప్ప ఇంట్లో ఒక డిస్కు, మా ఇంట్లో ఒకటి, ఇంకోటి మావాడి ఇంటర్నెట్ ఖాతాలో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాలో ఎన్ని ఇళ్ళ పైకప్పులు లేపేసిందో చూశాం కదా! రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెడితే ఏం లాభం? రెండు మూడేళ్ళకోసారి తెరిచి పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.

కాపీ అయిపోయింది కదాని క్యాసెట్లు పారేయకండి. రేపు ఇంతకంటే మంచి పద్ధతి రావచ్చు. టేపుని పూర్తిగా ఒకవైపుకి చుట్టి, డబ్బాలో పెట్టి, పుస్తకాల్లా నిలబెట్టండి. స్పీకర్ల పక్కనా, వంటింటి గోడవైపూ వద్దు. సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, వానాకాలం వెళ్ళాక మార్చండి. నాన్న చేతిరాత ఉన్న ఆ మూడు డబ్బాలూ మళ్ళీ ట్రంకుపెట్టెలోకే వెళ్ళాయి. అయితే ఈసారి అడుక్కి కాదు, పైన.

అమ్మ సంగతి చెప్పలేదు కదూ! చెవికి ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించాం. మొత్తం విని, కళ్ళు తుడుచుకుని, "అదీ సంగతి! గోలెం గురించా! నేను ఇన్నేళ్ళూ నా గురించేటో సెప్తన్నాడనుకున్నాను" అంది. అందరం పడీపడీ నవ్వాం. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కథ ఒకసారి వినాల్సిందే. పోయిన పాతిక సెకన్ల దగ్గరికి వచ్చేసరికి కుమ్మరి మొక్కు అమ్మే అందుకుని చెబుతోంది.

మీ ఇంట్లో ఎవరి మాట పాటల కింద ఉండిపోయిందో నాకు తెలీదు. టేపు ఏడాదికేడాది పాడవుతూనే ఉంటుంది. వీసీఆర్ బాగుచేసే పెద్దవాళ్ళు కూడా ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. వింటే సంతోషించే మనుషులకీ వయసు మీద పడుతోంది. కాబట్టి ఈ ఆదివారం వంట కొంచెం తొందరగా ముగించుకుని, అటక మీద చూడమని ఇంట్లో వాళ్ళకి పురమాయించండి. క్యాసెట్ దొరికితే కిటికీలోంచి తెల్లమచ్చలున్నాయేమో వెలుగులో పట్టి చూడండి. దాని మీద తేదీ, ఎవరి పెళ్ళో ఒక కాగితం మీద రాసి అతికించండి. మొదటి రోజుకి ఆ మాత్రం చాలు.